మహమ్మారి: మొదటి మూడు వారాలు

మూసాపేట నుండి ప్రతి ఉదయం మెట్రో రైలులోనో, బస్సులోనో మాదాపూర్ వైపు పనికి పోయేవారు ఎందరో ఉన్నారు. 2020 మార్చి 4న అక్కడి మైండ్‌స్పేస్ ప్రాంగణంలో ఒక ఉద్యోగికి కరోనా సోకినదేమోనన్న అనుమానం కలిగినది. కొద్ది గంటలలోనే కార్యాలయాలు ఖాళీ అయినవి. తరువాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో ఆ వ్యక్తికి వ్యాధి లేదని తేలినది. హెచ్చరిక తప్పయినది, పోయినది కొద్దిపాటి పనివేళ.

హెచ్చరిక నిజమై, దానిని అణచివేస్తే ఎంత నష్టం? ఇందుకు చైనాలోని వుహాన్ నగరం కథ తెలుసుకోవాలి. 2019 డిసెంబరు 30న లీ వెన్‌లియాంగ్ అనే కంటివైద్యుడు, సార్స్ వంటి జబ్బుతో రోగులు వచ్చారని తోటి వైద్యులకు సందేశం పంపాడు. జనవరి 3న పోలీసులు ఆయనను పిలిపించి, వదంతులు పుట్టిస్తున్నావని మందలించి, కాగితంపై సంతకం చేయించుకున్నారు. న్యుమోనియా కేసులున్నవని వుహాన్ ఆరోగ్యశాఖ డిసెంబరు 31న ప్రకటించిన మాట నిజమే. కాని అది మనిషి నుండి మనిషికి సోకుతున్నదని జోంగ్ నాన్‌షాన్ అనే వైద్యుడు బహిరంగంగా చెప్పేసరికి జనవరి 20 వచ్చినది. లీ ఆ వ్యాధితోనే ఫిబ్రవరి 7న మరణించాడు.

డిసెంబరు 30 నుండి జనవరి 20 వరకు 21 రోజులు. తొలిదశలో రోగుల సంఖ్య సుమారు వారానికొకసారి రెట్టింపయ్యేది. అనగా మూడు వారాలలో ఒకరు ఎనిమిదిమంది అవుతారు. వందమంది ఎనిమిది వందలవుతారు. వందమందిని వెదకి పట్టుకోవడం ఒక నగరానికి సాధ్యమే. ఆలస్యం చేసినకొద్దీ ఆ పని చేయిదాటిపోతుంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. కొత్త వైరస్‌ను పరీక్షలో పట్టుకోవాలంటే దాని జన్యుక్రమం తెలియాలి. అందులోని ఒక ముక్కకు సరిగా అతుక్కునే చిన్న తునకలను తయారుచేసి, వాటి సాయంతో ఆ ముక్కను లక్షల రెట్లు పెంచి చూడడమే ఆర్.టి.–పి.సి.ఆర్. పరీక్ష. షాంఘైలోని జాంగ్ యోంగ్‌జెన్ బృందం కనుగొన్న క్రమం 2020 జనవరి 11న ప్రపంచానికి అందినది. మరునాడే ఆయన ప్రయోగశాలను మూసివేయించారు! సరిదిద్దుకొనుటకట.

మన నగరంలో ఇటువంటి శిక్షలు లేవు గాని, లెక్కలు మాత్రం పొదుపుగానే బయటికి వచ్చినవి. ఆనాటి ప్రభుత్వ బులెటిన్‌లో గ్రేటర్ హైదరాబాద్‌కంతటికీ కలిపి ఒకే అంకె ఉండేది. మూసాపేటలో ఎందరో, మాదాపూర్‌లో ఎందరో దానివలన తెలియదు. 2020 జులైలో రాష్ట్ర హైకోర్టు ఈ బులెటిన్లలో వివరాలు చాలవని గట్టిగా తప్పుపట్టినది.

అదే సమయంలో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు మరొక సాక్షిని ఆశ్రయించారు: మురుగునీరు. వైరస్ సోకినవారు, జ్వరం లేకపోయినా, నయమైన తరువాత కూడా, సుమారు 35 రోజులవరకు మలంలో దాని అవశేషాలను విసర్జిస్తారు. శుద్ధికేంద్రాలకు చేరే మురుగులో ఆ అవశేషాలెన్ని ఉన్నవో పై పరీక్షతోనే కొలిచి, ఒక రోగి ఎంత విసర్జించునో దానితో లెక్కకట్టవచ్చును. శుద్ధిచేసే లోపలి మురుగు నగరంలోని నీటిలో 40 శాతమే గనుక, మిగిలినదానికి అంచనా వేయవలసివచ్చినది. 2020 ఆగస్టులో వెలువడిన ఫలితం: 35 రోజుల వ్యవధిలో సుమారు 6.6 లక్షలమందికి సోకి ఉండవచ్చును. అప్పటికి రాష్ట్రమంతటా అధికారలెక్కలో చేరిన కేసులు లక్షకు లోపే. ఇది అంచనా మాత్రమే. రోగికి రోగికి విసర్జనలో తేడా ఎక్కువ గనుక హెచ్చుతగ్గులు తప్పవు. అయినా ఆ తేడా చిన్నది కాదు.

ఆ నీటిలోని వైరస్ తిరిగి రోగం తెప్పించేది కాదని కూడా వారు తెలిపారు. ఈ పద్ధతిలో ఎవరూ పరీక్షాకేంద్రం ముందు బారులు తీరనక్కరలేదు. ఏ ఇంటివాని పేరూ బయటపడదు. ఒక్కొక్క కాలువనుండి వేర్వేరుగా నీరు పట్టినట్లయితే, ఏ పేటలో వ్యాధి పెరుగుతున్నదో ఆసుపత్రులు నిండకముందే కనిపించగలదు.