ప్రజా వైద్య సేవలు: అందుబాటు, ఖర్చు భారం

ప్రస్తావన

ఉపకేంద్రం నుంచి బోధనాసుపత్రి వరకు మన ప్రభుత్వ వైద్య వ్యవస్థలో ఉన్న అంచెలను గత భాగంలో తెలుసుకున్నారు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఉపకేంద్రం, 20,000 మందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నిబంధన. భవనం ఉండటం, అందులో వైద్యం అందటం, ఆ వైద్యాన్ని పేద కుటుంబం భరించగలగటం మూడు వేరువేరు సంగతులు. ఈ భాగంలో చివరి రెండింటిని పరిశీలిద్దాం.

డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రాన్ని 1946లోనే భోర్ కమిటీ తన నివేదికలో ముందుంచింది. ఆ సూత్రం ఎంతవరకు అమలైందో చెప్పే కొలమానాల్లో ముఖ్యమైనది 'సొంత జేబు ఖర్చు', అంటే రోగి కుటుంబం ఆసుపత్రిలోనో మందుల షాపులోనో నేరుగా చెల్లించే డబ్బు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలోని మొత్తం ఆరోగ్య వ్యయంలో ఇది 64.2 శాతం. 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల నిజమే. అయితే ఈ అంకెను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డబ్బు లేక అసలు వైద్యానికే వెళ్లని మనిషి ఖర్చు ఈ లెక్కలో సున్నాగా నమోదవుతుంది. వైద్యం అందక ఖర్చు తగ్గినా, ఉచితంగా అంది ఖర్చు తగ్గినా ఆ అంకెలో తేడా కనిపించదు.

'ఉచితం' ఖరీదు ఎంత?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫీజు లేదు, మందులకు డబ్బు తీసుకోరు. కాబట్టి అక్కడ వైద్యం ఉచితమని అంటాం. ఇది రోగి వైపు నుంచి ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో లెక్కకడదాం. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ప్రాంతానికి తగినట్టు మార్చుకోవచ్చు.

యాభై ఏళ్ల వ్యవసాయ కూలీ ఒకామెకు రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి. ఆరోగ్య కేంద్రం ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. ఆటోకు రానూపోనూ 60 రూపాయలు. రోజు కూలి 400. ఆసుపత్రి పని చూసుకొని వచ్చేసరికి సగం రోజు పోతుంది, అంటే 200 రూపాయలు. మందులు ఒకసారికి పదిహేను రోజులకే ఇస్తారు కనుక నెలకు రెండుసార్లు వెళ్లాలి. రెండింటిలో ఒకసారి మధుమేహం బిళ్లలు నిండుకున్నాయంటారు, బయట కొంటే 300. ఒక పరీక్ష బయట చేయించుకురమ్మంటారు, దానికి 150. మొత్తం కలిపితే నెలకు 970 రూపాయలు, ఏడాదికి 11,640. ఆమెకు అది ఇరవై తొమ్మిది రోజుల కూలి. డాక్టరు ఫీజుగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండానే ఆమె ఏటా దాదాపు ఒక నెల సంపాదన వైద్యానికి ఖర్చుపెట్టింది.

ఇదే లెక్కలో మూడు మార్పులు చేసి చూడండి. మందులు ఒకేసారి ముప్పై రోజులకు ఇచ్చారు, నిల్వ ఎప్పుడూ ఉంది, పరీక్ష కేంద్రంలోనే చేశారు. అప్పుడు ఆమె ఖర్చు నెలకు 260, ఏడాదికి 3,120 రూపాయలు. ఈ మార్పులకు కొత్త చట్టం అక్కరలేదు, కొత్త భవనమూ అక్కరలేదు. మొదటి మార్పుకైతే మందుల పంపిణీ నియమంలో ఒక్క వాక్యం మారితే చాలు.

ఈ ఉదాహరణలో మందులకు ఇచ్చిన ప్రాధాన్యం ఊరికే ఇచ్చింది కాదు. 2014లో జరిగిన జాతీయ నమూనా సర్వే 71వ విడతలో, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి గ్రామీణులు పెట్టే ఖర్చులో 72 శాతం దాకా మందులదేనని తేలింది. పట్టణాల్లో అది 68 శాతం. మనం సాధారణంగా 'డాక్టరు ఖర్చు' అని పిలిచేదానిలో అధిక భాగం నిజానికి మందుల షాపు ఖర్చు.

పెద్ద ఖర్చు, చిన్న ఖర్చు: ఆరోగ్యశ్రీ అనుభవం

తెలుగు ప్రాంతంలో వైద్య ఖర్చు గురించి మాట్లాడితే మొదట గుర్తొచ్చేది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరో 50,000 వరకు, నమోదైన ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో నగదు చెల్లించనక్కరలేని చికిత్స దాని సారాంశం. ఆసుపత్రి గుమ్మంలోనే రోగికి దారి చూపించే ఆరోగ్యమిత్రలను నియమించడం దానిలోని మంచి ఆలోచనల్లో ఒకటి. చదువు రాని రోగికి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పే మనిషి ఉండటం కూడా అందుబాటులో భాగమే. తరువాత రెండు రాష్ట్రాల్లోనూ పథకం పేరూ పరిమితీ పలుమార్లు మారాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి 5 లక్షల రక్షణ కల్పిస్తోంది.

గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవలసిన స్థితి నుంచి ఎన్నో కుటుంబాలను ఈ పథకం కాపాడింది. దాని విలువను తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ దాని నిర్మాణాన్ని గమనించండి. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సకు చెల్లిస్తుంది. కొన్ని చికిత్సల తరువాత కొంతకాలం మందులు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, రోజువారీ ఓపీ వైద్యం, నెలనెలా కొనే బిళ్లలు దాని పరిధిలోకి రావు. మన ఉదాహరణలోని కూలీ మహిళ ఖర్చుపెట్టిన 11,640 రూపాయల్లో ఆ కార్డు ఒక్క రూపాయి కూడా తగ్గించదు. ఆ ఖర్చు భరించలేక ఆమె మందులు మానేసి, మధుమేహం ముదిరి, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళితే అప్పుడు కార్డు పనిచేస్తుంది. రోజుకు కొద్ది రూపాయల బిళ్ల దగ్గర ఆగిన ప్రభుత్వ ఖజానా, వారానికి రెండు మూడుసార్లు జీవితాంతం చేయవలసిన డయాలసిస్ దగ్గర తెరుచుకుంటుంది. లెక్క తెలిసిన ఏ గృహిణీ ఇంటిని ఇలా నడపదు.

పరిమితిని లక్షల్లో పెంచినప్పుడల్లా అది పెద్ద వార్త అవుతుంది. ఆరోగ్య కేంద్రంలో మధుమేహం బిళ్లలు ఏడాది పొడవునా ఉన్నాయన్నది వార్త కాదు. ప్రాధాన్యాలు తారుమారు కావడానికి ఇది కూడా ఒక కారణమని ఈ రచయిత అభిప్రాయం.

మందులు నిండుకోకుండా చూడటం ఎలా?

ఈ విషయంలో దేశమంతా పరిశీలించే నమూనా పొరుగునే ఉంది. తమిళనాడు ప్రభుత్వం 1994లో తమిళనాడు వైద్య సేవల కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసింది. అది పనిచేసే తీరును కొంత వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే విజయం పథకం పేరులో కాక పనితీరులోనే ఉంది.

మొదటి మెట్టు అత్యవసర మందుల జాబితా. ఏ మందులు కొనాలో ముందే నిర్ణయించి, వాటిని కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో, అంటే జనరిక్ పేరుతో కొంటారు. రాష్ట్రం మొత్తానికి కలిపి టెండరు పిలవడం వల్ల ధర బాగా తగ్గుతుంది. కొన్న మందు జిల్లా గోదాములకు చేరుతుంది. అక్కడ నమూనాలు తీసి, ఏ కంపెనీదో తెలియకుండా పరీక్షశాలకు పంపుతారు, నాణ్యత తేలాకే ఆసుపత్రులకు వదులుతారు. ఇక అసలు మెలకువ పాస్‌బుక్కులో ఉంది. ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు ఖాతా పుస్తకం లాంటి ఒక పుస్తకం ఉంటుంది. అందులో ఆ ఏడాదికి ఆసుపత్రికి కేటాయించిన మొత్తం రాసి ఉంటుంది. ఆసుపత్రి తనకు కావలసిన మందులు తీసుకున్న కొద్దీ వాటి విలువ అందులోంచి తగ్గుతుంది. పైనుంచి ఎవరో పంపిన మందును తీసుకోక తప్పని పరిస్థితి పోయి, కింద ఉన్న డాక్టరు అవసరాన్ని బట్టి సరఫరా జరుగుతుంది. ఏ గోదాములో ఏది తగ్గుతోందో కంప్యూటరులో కనిపిస్తుంది కనుక నిండుకోక ముందే కొత్త సరుకు కదులుతుంది.

2011 అక్టోబరు 2న రాజస్థాన్ ప్రారంభించిన ఉచిత మందుల పథకం కూడా ఇలా రాష్ట్ర కార్పొరేషన్ ద్వారా కొనుగోలు చేసే పద్ధతినే అనుసరించింది. మన రాష్ట్రాల్లోనూ కేంద్రీకృత కొనుగోలు సంస్థలు ఉన్నాయి. అయితే సంస్థ ఉండటం ఒక్కటే చాలదు. సరఫరాదారుకు బిల్లు సకాలంలో అందకపోతే అతడు సరుకు ఆపుతాడు, మూడో నెలలో ఆరోగ్య కేంద్రం బీరువా ఖాళీ అవుతుంది. మందుల కొరతకు మూలం చాలాసార్లు ఖజానా శాఖలో కదలని ఫైలే.

తమిళనాడు 2021 ఆగస్టులో మరో అడుగు వేసింది. 'మక్కళై తేడి మరుత్తువం', అంటే ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం, పేరుతో రక్తపోటు, మధుమేహ రోగుల ఇంటికే మందులు చేర్చడం మొదలుపెట్టింది. మన ఉదాహరణలో మిగిలిన 3,120 రూపాయలు ఆటో చార్జీ, పోయిన కూలి. ఇంటికే మందు వస్తే ఆ ఖర్చూ చాలావరకు పోతుంది.

ఆర్.ఎం.పీ. దగ్గరికే ఎందుకు వెళతారు?

పల్లెల్లో జ్వరం వస్తే చాలామంది మొదట వెళ్లేది ఆర్.ఎం.పీ. అని పిలిచే అనర్హ వైద్యుడి దగ్గరికి. దీన్ని అజ్ఞానంగా కొట్టిపారేస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు. అతడు ఊళ్లోనే ఉంటాడు, రాత్రి పిలిచినా వస్తాడు, డబ్బు పంట చేతికొచ్చాక ఇచ్చినా ఊరుకుంటాడు, విసుక్కోడు. ప్రభుత్వ కేంద్రమేమో సాయంత్రంలోపే మూసేస్తారు. కూలికి వెళ్లిన మనిషి ఇంటికి చేరేది ఆ తరువాతే. అతడి వైద్యం ప్రమాదకరమే. అవసరం లేని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌ల వల్ల జరిగే హాని తక్కువది కాదు. కానీ దూరం, వేళ, అప్పు, మర్యాద అనే నాలుగు విషయాల్లో అతడు ప్రభుత్వ వ్యవస్థను ఓడిస్తున్నాడు.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు మన దగ్గర లేకపోలేదు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు మురికివాడల మధ్యకే డాక్టరును తెచ్చాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఏర్పాటులో రక్త నమూనా రోగి ఉన్న కేంద్రంలోనే తీసుకుంటారు. ఆ నమూనా కేంద్ర పరీక్షశాలకు ప్రయాణిస్తుంది, రోగి ప్రయాణించనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన కుటుంబ వైద్యుడి విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు గ్రామానికి రావాలని నిర్దేశించారు. కొండ ప్రాంతాల పరిస్థితి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకురావలసి వస్తోంది. అక్కడ 108 అంబులెన్సు రోడ్డు చివర ఆగిపోతుంది. ప్రసవానికి ముందే వచ్చి ఉండేలా గర్భిణీ వసతి గృహాలు ఏర్పాటు చేయడం అక్కడ అంబులెన్సు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

అన్ని ఖర్చులనూ లెక్కలోకి తీసుకుంటే

ప్రభుత్వం ఒక సేవకు సంబంధించిన ఖర్చులన్నిటినీ రోగి వైపు నుంచి చూసిన సందర్భం ఒకటుంది. అది ప్రసవం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, భోజనం, రవాణా అన్నీ ఉచితమని ప్రకటించింది. తెలంగాణ 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకంతో గర్భిణి కోల్పోయే కూలిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు విడతలుగా ఇచ్చేలా రూపొందించింది. 102 వాహనాలు రవాణా చూసుకున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 2015-16 నాటికి ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పులు మూడో వంతు కంటే తక్కువ. 2019-21 సర్వే నాటికి దాదాపు సగానికి పెరిగాయి. ఈ పెరుగుదల మొత్తం ఒక్క పథకం వల్లే అనడం సరికాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60 శాతం దాటాయి. సేవ అందినంత మాత్రాన అది సరైన సేవ అనుకోవడానికి లేదు.

నిధుల సంగతి

ఇవన్నీ జరగాలంటే డబ్బు కావాలి. ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యంగా పెట్టుకుంది. 2013-14లో అది 1.15 శాతం, 2021-22లో 1.84 శాతం. పెరిగిన ఆ డబ్బు ఏ అంచెకు వెళుతోందన్నది మొత్తం ఎంత అన్నదానికి తీసిపోని ప్రశ్న. రాష్ట్ర బడ్జెట్టు చదివేటప్పుడు ఆరోగ్య బీమా పథకం పద్దును, మందుల కొనుగోలు పద్దును పక్కపక్కన పెట్టి చూడండి.

అభ్యాసం

మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక పనిరోజున వెళ్లి, రక్తపోటుకో మధుమేహానికో మందులు తీసుకుంటున్న ఐదుగురితో వారి అనుమతితో మాట్లాడండి. ఎంత దూరం నుంచి వచ్చారు, చార్జీ ఎంత, ఆ రోజు ఎంత కూలి పోయింది, ఎన్ని రోజుల మందులు ఇచ్చారు, గత మూడు నెలల్లో బయట ఏమేం కొన్నారు అన్న వివరాలతో పైన చూపినట్టు ఒక్కొక్కరి ఏడాది ఖర్చు లెక్కకట్టండి. పేర్లు రాయవద్దు. ఐదు లెక్కల్లో ఎక్కువ డబ్బు ఎక్కడ ఖర్చయిందో గుర్తించి, దాన్ని తగ్గించడానికి ఆ కేంద్రం స్థాయిలోనే చేయగలిగిన ఒక మార్పును రెండు పేజీల్లో వివరించండి.