పుండు ఫోటో పంపే ముందు సైజు తగ్గించుకోండి

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళినవారు, షుగరు వల్ల కాలికి పుండు పడినవారు కట్టు మార్చేటప్పుడు ఫోటో తీసి యాప్‌లో డాక్టరుగారికి పంపడం ఇప్పుడు మామూలైంది. బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి కనుక మేమూ పంపమనే చెబుతున్నాము. అయితే "ఫోటో వెళ్ళడం లేదు సిస్టరమ్మా, తిరుగుతూనే ఉంది" అని తరచుగా వింటుంటాము. సిగ్నల్ మన చేతిలో లేదు గాని ఫోటో సైజు మన చేతిలోనే ఉంది.

12 మెగాపిక్సెళ్ళ ఫోటో అంటే పొడవున 4000, వెడల్పున 3000, మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఇది సుమారు 3 నుండి 5 ఎంబీ ఉంటుంది. సెకనుకు 1 మెగాబిట్ వేగం ఉన్నచోట 5 ఎంబీ వెళ్ళడానికి 40 సెకన్లు కావాలి. మధ్యలో సిగ్నల్ తెగితే మళ్ళీ మొదటికే. అదే 500 కేబీ అయితే 4 సెకన్లు చాలు.

ముందుగా గ్యాలరీలో ఎడిట్ నొక్కి, మంచం, గోడ, చెప్పులు కత్తిరించేయండి. దీన్నే క్రాప్ అంటారు. పుండు వివరం పెద్దగా పోకుండా సైజు తగ్గే పద్ధతి ఇది. ఇంకా పెద్దదిగా ఉంటే కొన్ని ఫోన్లలో అక్కడే రీసైజ్ ఉంటుంది. పొడవు, వెడల్పు సగం చేస్తే చుక్కలు నాలుగో వంతుకు, అంటే 30 లక్షలకు తగ్గుతాయి. పుండు చూడడానికి మామూలుగా అవి సరిపోతాయి. ఫోటో తగ్గించి ఇస్తామనే ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లలో మాత్రం రోగి ఫోటో పెట్టకండి.

మరీ తగ్గించినా ప్రమాదమే. జేపెగ్ ఫోటోను కుదించినప్పుడల్లా సన్నని వివరాలు కొన్ని శాశ్వతంగా పోతాయి. అంచు ఎర్రగా ఉందా, నల్లబడుతోందా, చీము ఉందా అన్నదాన్ని బట్టే డాక్టరుగారు నిర్ణయిస్తారు. గళ్ళుగళ్ళుగా చెదిరిన ఫోటోలో అవి తెలియవు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అప్పటికే కుదించబడి ఉంటుంది, దాన్ని మళ్ళీ తగ్గించవద్దు. అసలు ఫోటోను దాచుకుని, ప్రతిసారీ దాని నుండే చిన్న కాపీ తీసుకోండి. మసకగా తీసిన ఫోటో ఎంత పెద్దదైనా దండగే! పగటి వెలుతురులో, చేయి కదలకుండా, పుండుకు తగలకుండా పక్కన స్కేలు పెట్టి తీయండి.

ఇ.సి.జి. కాగితం సంగతి వేరు. దాని మీది 1 మిల్లీమీటరు గడులు లెక్కపెట్టగలిగేలా కనబడాలి. కనుక దాన్ని క్రాప్ చేసి, అసలు సైజులోనే పంపండి. వాట్సాప్‌లో అయితే ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే కుదించబడదు.

జ్వరం, దుర్వాసన, పాదం నల్లబడడం, ఎరుపు పైకి పాకడం కనిపిస్తే ఫోటో వెళ్ళేదాకా కూర్చోకండి. వెంటనే బయలుదేరి రండి, ఫోటో ఫోనులోనే చూపించవచ్చు.