మొవ్వు ఈగకు లొంగని జొన్న

జొన్న మొలిచి ఇరవై రోజులు అయింది. చేను పచ్చగా ఉంది. అంతలో అక్కడక్కడ నడిమి ఆకు వాడిపోయి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఆకులు మాత్రం బాగానే ఉంటాయి. ఆ నడిమి ఆకును రెండు వేళ్లతో పట్టి లాగండి. ఊరికే ఊడి చేతికి వచ్చేస్తుంది. దాని అడుగు కుళ్లిపోయి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కంపు కొడుతుంది. దీన్నే మొవ్వు చచ్చిపోవడం అంటారు.

"చేనుకు దిష్టి తగిలింది" అంటారు కొందరు. "ఎండ దెబ్బ" అంటారు మరికొందరు. దిష్టీ కాదు, ఎండా కాదు. ఇది ఒక చిన్న ఈగ చేసే పని. దాని పేరు మొవ్వు ఈగ. చూడటానికి ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంటుంది. కాని ఇంకా చిన్నది.

తల్లి ఈగకు లేత జొన్న మొక్క కావాలి. మొలిచిన వారం నుంచి నెల లోపు మొక్క అయితే దానికి ఇష్టం. ఆకును తిరగేసి చూడండి. అడుగు వైపున, నడి ఈనెకు వరసగా, తెల్లని గుడ్డు ఒకటి అంటుకుని ఉంటుంది. బియ్యపు నూకలో సగం కూడా ఉండదు. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పిల్లపురుగు బయటికి వస్తుంది. తెల్లవారుజామున, ఆకు తడిగా ఉన్నప్పుడే, అది ఆకు వెంట పాకి మొవ్వులోకి దిగుతుంది. మొక్క పెరిగే మొగ్గ ఉండేది అక్కడే. పురుగు దాన్ని కోసేస్తుంది. కోసిన చోట కుళ్లుతుంది. ఆ కుళ్లే పురుగుకు తిండి. గుడ్డు నుంచి మళ్లీ ఈగ అయ్యేదాకా సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే ఊళ్లో ముందు విత్తిన చేలో పుట్టిన ఈగలు, వెనక విత్తిన చేల మీద పడతాయి.

మందు కొట్టొచ్చు కదా అని మీరు అడగవచ్చు. మొవ్వు ఎండినట్టు మన కంటికి కనిపించే సరికే లోపల పని అయిపోయి ఉంటుంది. అప్పుడు కొట్టిన మందు డబ్బు దండగే. విత్తేటప్పుడే సాళ్లలో గుళికల మందు వేసే పద్ధతి ఉంది. దానికి ఖర్చు అవుతుంది. జొన్న వేసేవాళ్లలో ఎక్కువ మంది వానను నమ్ముకున్న మెట్ట రైతులు. వాన పడుతుందో లేదో తెలియకముందే మందుకు అప్పు చేయడం ఎవరికైనా భయమే. ఆ గుళికలు విషం కూడా. వట్టి చేతులతో చల్లేవాళ్లకే ముందు ప్రమాదం.

మరి దారి ఏమిటి? చేలోనే ఒక దారి ఉంది. ఒక కోడలు, అత్త కలిసి చేనుకు పోయారనుకోండి. కోడలు అడుగుతుంది.

"అత్తా, ఇన్ని మొక్కలు చచ్చిపోతే ఈ రెండు సాళ్లు ఎట్లా నిలబడ్డయి?"

"కొన్న గింజ చాలక, చివర కుండలో ఉన్న పాత గింజ పోశాను కదమ్మా. ఇది ఆ గింజే."

ఒకే నేల, ఒకే వాన, ఒకే ఈగ. గింజ మాత్రం వేరు. ఆ గింజలో ఏదో ఉంది. జొన్న మీద పనిచేసే శాస్త్రవేత్తలు వెతికింది కూడా దాన్నే. 1951లోనే పొన్నయ్య అనే శాస్త్రవేత్త చాలా జొన్న రకాలను వేసి, ఏవి ఈగకు తక్కువ లొంగుతున్నాయో పరిశీలించారు. ఆ తర్వాత ఎంతో మంది ఈ పని చేశారు.

వాళ్లకు తెలిసిన సంగతులు చాలా తమాషాగా ఉంటాయి. తట్టుకునే మొక్క ఆకు లేతప్పుడు నిగనిగ మెరుస్తుంది. పొద్దుటి ఎండలో చూస్తే లేత పసుపు కలిసిన పచ్చగా ఉంటుంది. ఆకు అడుగున కంటికి సరిగా ఆనని సన్నటి నూగు ఉంటుంది. అలాంటి ఆకు మీద గుడ్డు పెట్టడం ఈగకు అంతగా నచ్చదు. పెట్టినా, పురుగు పాకడానికి కష్టపడాలి. ఇంకొకటి, మొవ్వులో ఉండే తడి. అది మంచు వల్ల వచ్చిన తడి అనుకుంటాం. కాదు, ఎక్కువ భాగం మొక్క లోపలి నుంచి వచ్చేదే. ఈగకు లొంగిపోయే రకాల మొవ్వులో తడి ఎక్కువ. తట్టుకునే రకాల మొవ్వు పొడిగా ఉంటుంది. తడి లేకపోతే పురుగు జారుకుంటూ దిగలేదు. పైగా ఇలాంటి మొక్కలు మొదట్లో గబగబా ఎదుగుతాయి. పురుగు దిగేలోపే మొక్క ముదిరిపోతుంది.

ఈ మెరిసే ఆకు రకాలు ప్రపంచంలో ఎక్కడ ఎక్కువ దొరికాయో తెలుసా? ఎక్కువ భాగం మన దేశపు జొన్నల్లోనే. యాసంగిలో వేసే మాల్దండి జొన్న పేరు చాలామంది వినే ఉంటారు. మహారాష్ట్రలో మోహోల్ అనే ఊళ్లో, అక్కడి రైతులు వేసుకునే మాల్దండి నుంచి ఎంపిక చేసిన రకం అది. దాని పేరు ఎం.35-1. వచ్చి ఎనభై ఏళ్లు దాటింది. ఎన్నో కొత్త రకాలు వచ్చినా యాసంగి రైతులు దాన్ని వదల్లేదు. ఈగను కొంత తట్టుకుంటుంది, రొట్టె తెల్లగా వస్తుంది, చొప్పను పశువులు ఇష్టంగా తింటాయి.

అయితే పాత గింజ అంతా మంచిదని, కొత్త గింజ అంతా చెడ్డదని అనుకోకూడదు. పాత రకాలు ఎత్తుగా పెరుగుతాయి, కాని దిగుబడి తక్కువ. 1964లో మన దేశంలో మొదటి సంకర జొన్న వచ్చింది. దాని పేరు సి.ఎస్.హెచ్.-1. పొట్టిగా ఉంటుంది. సుమారు వంద రోజుల్లో కోతకు వస్తుంది. గింజ బాగా పండింది. రైతుల ఇళ్లలో బస్తాలు పెరిగాయి. అది నిజం. కాని మొవ్వు ఈగకు అది బాగా లొంగిపోయింది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. పాత వానాకాలపు జొన్న వానలు వెనక్కి పోయాక నిదానంగా గింజ కట్టేది. కొత్త జొన్న తొందరగా పండటం వల్ల, కంకి గట్టిపడే వేళకు ఇంకా వానలు కురుస్తూనే ఉండేవి. గింజ నల్లబడి బూజు పట్టేది. నల్లబడ్డ జొన్నకు అంగట్లో ధర రాదు. ఇంట్లో రొట్టె కూడా బాగుండదు. దిగుబడి పెరిగిందన్న సంతోషం కాస్తా కల్లంలోనే పోయేది.

అంటే రెండు గుణాలూ ఒకే గింజలోకి రావాలి. దిగుబడీ ఉండాలి, తట్టుకునే బలమూ ఉండాలి.

తాత ముక్కు మనవడికి వస్తుంది. తల్లి రంగు కూతురికి వస్తుంది. గుణాలను తరం నుంచి తరానికి మోసుకుపోయేవాటిని జన్యువులు అంటారు. మొక్కల్లోనూ అంతే. ఈగను తట్టుకునే రకం ఒకటి, బాగా పండే రకం ఒకటి తీసుకుంటారు. జొన్న పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. తల్లిగా ఎంచుకున్న కంకిలో మధ్యాహ్నం పూట కూర్చుని, చిన్న పట్టకారుతో పూవు పూవు నుంచి మగ భాగాలను తీసేస్తారు. కంకికి కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున రెండో రకం పుప్పొడి తెచ్చి ఆ కంకి మీద దులుపుతారు. మళ్లీ సంచి తొడుగుతారు. పెళ్లి అయిందన్నమాట.

మొదటి తరం మొక్కలన్నీ దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. రెండో తరంలో కథ మారిపోతుంది. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. కొన్నిటికి పెద్ద కంకి, కొన్నిటికి మెరిసే ఆకు. మనకు కావలసిన గుణాలన్నీ కలిసి వచ్చిన మొక్కలు వేలల్లో కొన్నే ఉంటాయి. ఈగను తట్టుకునే బలం ఒక్క జన్యువుతో వచ్చేది కాదు, చాలా జన్యువులు కలిస్తే వచ్చేది. అందుకే పని కష్టం. మంచి మొక్కలను ఏరి, వాటి గింజ మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, ఇలా ఆరేడు తరాలు పోతే గాని రకం నిలకడకు రాదు. ఆ తర్వాత వేరు వేరు జిల్లాల్లో వేసి చూడాలి. మొత్తం ఎనిమిది, పదేళ్లు పట్టడం మామూలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక మొక్క బతికింది. బలం ఉండి బతికిందా? అసలు ఈగ దాని మీద వాలక బతికిందా? ఎలా తెలుస్తుంది? అందుకని శాస్త్రవేత్తలు ఈగను పనిగట్టుకుని పిలుస్తారు! హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది. 1972లో పెట్టారు. అక్కడ పరీక్ష చేయవలసిన రకాలకు పక్కన, ఇరవై రోజులు ముందుగానే, ఈగకు బాగా లొంగే జొన్నను కొన్ని సాళ్లు విత్తుతారు. ఈగలు వాటి మీద పుట్టి పెరుగుతాయి. తర్వాత పరీక్ష మొక్కలు మొలిచాక, తడిపిన ఎండు చేపల పొడిని చేలో చల్లుతారు. ఆ కంపుకు ఈగలు ముసురుకుంటాయి. అంత ఈగలోనూ ఏ రకం నిలబడుతుందో దాన్నే ఏరుకుంటారు.

బూజును పరీక్షించడానికి కూడా ఇలాంటి ఉపాయమే. వాన లేని రోజుల్లో కంకుల మీద నీళ్లు చిమ్మి తడిపి ఉంచుతారు. మిడ్జి అనే చిన్న ఈగ పూత మీద గుడ్లు పెట్టి గింజను తాలు చేస్తుంది. దాని కోసం కంకి చుట్టూ గుడ్డతో పంజరం కట్టి, లోపల లెక్కపెట్టి నలభై ఈగలను వదులుతారు. గింజను కప్పే పొట్టు పొట్టిగా, బిగుతుగా ఉన్న రకాల్లో ఈ ఈగ గుడ్లు పెట్టడం కష్టం.

బూజు విషయంలో ఇంకో పేచీ ఉంది. ఎర్రగా, వగరుగా ఉండే గింజకు బూజు తక్కువ పడుతుంది. కాని ఆ గింజతో రొట్టె చేస్తే ఇంట్లో ఎవరు తింటారు? పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ ఒప్పుకోని రకం చేలో ఎంత బాగున్నా నిలవదు. అందుకని తెల్లగా ఉంటూనే గట్టి గింజ, గాలి ఆడే విడి కంకి ఉన్న రకాల కోసం వెతికారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అక్కడ కూడా ఇదే వెతుకులాట నడుస్తోంది.

ఇన్ని గుణాలు ఎక్కడ దొరుకుతాయి? రైతుల గింజలోనే. పటాన్‌చెరు విత్తన నిధిలో నలభై వేలకు పైగా జొన్న నమూనాలు ఉన్నాయి. తొంభైకి పైగా దేశాల నుంచి వచ్చినవి. చల్లని గదుల్లో దాచారు. ఒక్కొక్కటీ ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు ఏటేటా కంకి ఏరి, ఎండబెట్టి, దాచుకున్న గింజే. 1970 ప్రాంతంలో దేశంలో జొన్న నాలుగు కోట్ల ఎకరాల దాకా ఉండేది. ఇప్పుడు కోటి ఎకరాల చుట్టుపక్కల ఉంది. మన రాష్ట్రంలో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక చాలా ఇళ్లలో జొన్న రొట్టె తగ్గింది. చేను తగ్గితే దానితోపాటు ఆ చేలో ఉండే పాత రకాలు కూడా పోతాయి. ఎవరి దగ్గరా గింజ మిగలని రకంలో ఏ గుణం ఉండేదో ఇక ఎవరూ కనుక్కోలేరు.

తట్టుకునే రకం అంటే అసలు తగలని రకం అని కాదు. ఈగకు నచ్చిన ఆకు పక్కన ఉంటే అది అటు పోతుంది. చేనంతా మెరిసే ఆకే అయితే, వేరే దారి లేక దాని మీదే గుడ్డు పెడుతుంది. ఈగ మరీ ఎక్కువైతే మంచి రకం కూడా దెబ్బతింటుంది. అందుకే రకాన్ని నమ్ముకుని ఆలస్యంగా విత్తకూడదు. వానాకాలంలో తొలి వానలకే, జూలై సగం లోపు, ఊరంతా ఒకేసారి విత్తితే ఈగ బాధ తగ్గుతుంది. గింజ కాస్త ఎక్కువ పోయాలి. పలుచన చేసేటప్పుడు మొవ్వు చచ్చిన మొక్కలను పీకి చేను బయట పారేయాలి.

కొనేటప్పుడు సంకర రకమా, సూటి రకమా అని దుకాణంలో అడగండి. సంకర రకం గింజను మరుసటి ఏడు మళ్లీ విత్తితే పంట సమంగా రాదు. సూటి రకం గింజను దాచుకోవచ్చు. దాచుకునేవాళ్లు కల్లంలో కుప్ప నుంచి గింజ తీయవద్దు. మొలిచిన నెలకే చేలోకి వెళ్లండి. ఈగ బాగా తగిలిన చోట, చుట్టూ మొక్కలు పోయినా నిలబడ్డ మొక్కలు వెతకండి. వాటికి రంగు దారం కట్టండి. కోతలప్పుడు దారం కట్టిన వాటిలో మంచి కంకి, బూజు పట్టని గింజ ఉన్నవి ఏరండి. విడిగా కొట్టి, బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు, బూడిద కలిపి కుండలో పోసి మూతి కట్టండి. కుండ మీద రకం పేరు, సంవత్సరం సుద్దతో రాయండి. రాయడం వచ్చింది కదా.