పినో ద్రాక్ష కుటుంబం: పేర్లు, బంధుత్వాలు

ఉపోద్ఘాతం

వైన్ తయారీకి ఉపయోగించే ద్రాక్ష వంగడాల పేర్లలో కొన్ని రంగును, కొన్ని ఆకారాన్ని, మరికొన్ని ఊరిని సూచిస్తాయి. అయితే పేరు చెప్పే బంధుత్వమూ, జన్యువులు చెప్పే బంధుత్వమూ అన్నివేళలా ఒకటి కావు. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ద్రాక్షలు ఇందుకు చక్కని నిదర్శనం.

1. ఒకే వంగడం, నాలుగు పేర్లు

'పినో' అనే పేరు పైన్ చెట్టును తెలిపే ఫ్రెంచి పదం నుండి వచ్చిందని భావిస్తారు. ఈ ద్రాక్షగుత్తి చిన్నదిగా, ఒత్తయిన పండ్లతో పైన్ కాయను పోలి ఉంటుంది. పినో నువార్, పినో గ్రీ, పినో బ్లాఁ అనే పేర్లలోని రెండవ పదాలకు వరుసగా నలుపు, బూడిదరంగు, తెలుపు అని అర్థం. పినో మునియేలోని 'మునియే' అంటే పిండిమర నడిపేవాడు. లేత ఆకులపై ఉండే తెల్లని నూగు పిండి చల్లినట్లు కనిపించడం వల్ల ఆ పేరు ఏర్పడింది.

తోటల్లో ద్రాక్షను విత్తనాలతో కాక కొమ్మలు నాటి పెంచుతారు. అందువల్ల కొత్త మొక్క తల్లిమొక్కకు ప్రతిరూపంగానే ఉంటుంది. ఎప్పుడైనా ఒక మొగ్గలో ఉత్పరివర్తన జరిగితే, దాని నుండి వచ్చిన కొమ్మలో పండ్ల రంగో, ఆకుల నూగో మారుతుంది. ఆ కొమ్మను వేరుగా నాటి పెంచినప్పుడు దానికి కొత్త పేరు వస్తుంది. పై నాలుగూ ఇలా ఒకే వంగడంలో ఏర్పడిన రూపాలు. వంగడాలను గుర్తించే సాధారణ డీఎన్ఏ పరీక్షలో ఇవి ఒకటిగానే కనిపిస్తాయి.

2. పేరు దాచిన సంతానం

షార్డొనే విషయం వేరు. ఒక గ్రామం పేరుతో ప్రసిద్ధమైన ఈ తెల్లద్రాక్షను చాలాకాలం 'పినో షార్డొనే' అని కూడా పిలిచారు. తోటల్లో దీనిని పినో బ్లాఁగా పొరబడటమూ జరిగింది. 1999లో 'సైన్స్' పత్రికలో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఈ చిక్కును విప్పింది. షార్డొనే పినోకు మరో రూపం కాదు; పినో, గ్వే బ్లాఁ అనే రెండు వంగడాల సంకరం వల్ల పుట్టిన సంతానం. గమే, అలిగొతే సహా మొత్తం 16 వంగడాలకు ఈ రెండే జనకులని ఆ పరిశోధన తేల్చింది.

ఈ ఫలితం చరిత్రలోని ఒక వైపరీత్యాన్ని కూడా బయటపెట్టింది. 1395లో బర్గండీ పాలకుడు ఫిలిప్, పినోకు పెద్దపీట వేస్తూ, అధిక దిగుబడినిచ్చే గమేను తోటల నుండి తొలగించాలని ఆజ్ఞాపించాడు. ఆయన వెలివేసినది పినో సంతానాన్నే.

ముగింపు

ఉత్పరివర్తన వల్ల ఒకే వంగడానికి కొత్త రూపం వస్తుంది. సంకరం వల్ల కొత్త వంగడమే పుడుతుంది. కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి పెట్టిన పేర్లు ఈ భేదాన్ని చూపలేవు. నాసిరకంగా ఎంచబడి ఫ్రాన్స్ తోటల నుండి దాదాపు కనుమరుగైన గ్వే బ్లాఁ, సేకరణ క్షేత్రాల్లో మిగిలి ఉండటం వల్లనే ఈ వంశక్రమం రుజువైంది. ఆదరణ లేని వంగడాలను సైతం సంరక్షించవలసిన అవసరాన్ని ఇది స్పష్టం చేస్తున్నది.