విషాదార్థక క్రియావిశేషణములు : తెలుగు సేతలో ఒక చిక్కు

ఆంగ్లమునుండి తెలుగు చేయు విద్యార్థి, విషాదమును దెలుపు క్రియావిశేషణము కనబడినంతనే 'విచారముగా' అని వ్రాసి ముందునకు సాగిపోవుట తరచుగా జూచుచున్నాము. నిఘంటువును బట్టి చూచినచో ఇందు దోషము కానరాదు. కాని ఆ విచారమెవరిది? పని చేయువానిదా, పని జరిగిన తీరుదా, లేక చెప్పువానిదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిదే సరియైన తెలుగుమాట దొరకదని నిరూపించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఉదాహరణమునకు కొండపల్లిని గ్రహింతము. విజయవాడకు చేరువనున్న ఈ యూర తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేయు వృత్తి తరతరములుగా సాగుచున్నది. ఆ వృత్తిని గూర్చిన ఆంగ్లవ్యాసమొకటి తరగతిలో తెనిగించుచున్నామనుకొందము. అందు 'సాడ్లీ' యను పదము మూడు తావుల వచ్చినది. వృద్ధశిల్పి 'సాడ్లీ' మాటలాడెననునది మొదటి వాక్యము. అతడు గుమ్మము కడ 'సాడ్లీ' కూర్చుండెననునది రెండవది. 'సాడ్లీ', అడవిలో తెల్లపొణికి చెట్లు తగ్గిపోయినవనునది మూడవది. మూడింటను 'విచారముగా' అనియే వ్రాసినచో మూడవ వాక్యమున విచారము చెట్ల పాలగును. చెట్లు విచారముగా తగ్గిపోయినవని చదివి తరగతి నవ్వును. కాని మనుష్యుని విషయమున ఇది నవ్వి విడువదగిన పొరపాటు కాదు. 'సాడ్లీ, ఆయన మరణించెను' అను వాక్యమును 'ఆయన విచారముగా మరణించెను' అని తెనిగించినచో, బ్రతికియున్నవారి దుఃఖమును మృతునికి అంటగట్టినట్లగును. ప్రశాంతముగా కన్నుమూసినవానికి లేని శోకమును కల్పించితిమన్నమాట.

ఈ చిక్కునకు మూలము ఆంగ్లపద నిర్మాణమున నున్నది. 'లీ' యను ప్రత్యయము ప్రాచీనాంగ్లమున శరీరము, ఆకృతి అను నర్థములుగల పదమునకు సంబంధించినది. 'సాడ్' అను పదమునకు ఆనాటి యర్థము దుఃఖము కాదు. నిండుదనము, దానివలన గలుగు అలసట. కాలక్రమమున ఆ పదము విషాదమునకు స్థిరపడినది. ప్రత్యయము చేరిన రూపము మొదట పని జరిగిన రీతిని దెలిపి, తరువాత వక్త యభిప్రాయమును దెలుపుటకును వాడబడినది. వాడుక మారినను రూపము మారలేదు. వాక్యమున పదమున్న చోటు, దాని ప్రక్కనున్న విరామచిహ్నము మాత్రమే మనకు గుర్తులు.

తెలుగున ఈ పనులకు వేరువేరు సాధనములు గలవు. 'దీనముగా పలికెను' అన్నచో దైన్యము పలుకు తీరునకు చెందును. 'దీనుడై నిలిచెను' అన్నచో అది నిలిచిన మనిషికి చెందును. ఈ రెండవ రూపము కర్తను బట్టి మారును: దీనుడై, దీనురాలై, దీనులై. దుఃఖమెవరిదో ఆ పదమే చెప్పును. 'గా', 'ఐ' రెండును 'అగు' ధాతువునకు సంబంధించినవే యైనను ఒకటి క్రియను, ఒకటి కర్తను పట్టుకొనును. కావున మన శిల్పి దీనముగా మాటలాడెను. దీనుడై గుమ్మము కడ కూర్చుండెను. వ్యావహారికమున ఈ భేదము చాలవరకు మాసిపోయి 'గా' యొక్కటే రెండు పనులను జేయుచున్నను, ఎరిగి వ్రాయుట మేలు.

అంతేకాదు, ఆంగ్లము క్రియావిశేషణమునకు అప్పగించిన పనిని తెలుగు పెక్కుచోట్ల క్రియకే అప్పగించును. కుమిలి కుమిలి, వెక్కి వెక్కి, తల వేలవైచి, కాళ్లీడ్చుకొనుచు, ముఖము చిన్నబుచ్చుకొని అనునవి యిట్టివి. 'గ్లూమిలీ' యను పదము ఆకాశమునకును మనిషికిని చెల్లును. తెలుగున ఆకాశము మబ్బుగా నుండును. మనిషి దిగాలుగా నుండును. దిగులునకు, బెంగకు కూడ భేదము గలదు. రేపేమగునో యనునది దిగులు. దూరమైన తల్లికై బిడ్డ పెట్టుకొనునది బెంగ.

ధ్వన్యనుకరణముల సంగతి వేరు. వలవల యనునది కన్నీరు జారు తీరు. బావురుమనుట ఒక్కసారిగా పెల్లుబికిన యేడుపు. ఉసూరుమనుట ఆశాభంగమున వచ్చు నిట్టూర్పు. బిక్కుబిక్కుమనుట భయముతో గూడిన నిస్సహాయత. 'గొల్లున' అనునది పలువురు కలసి చేసిన ధ్వని. 'గొల్లున నవ్విరి' అనుటయు కలదు గనుక అది స్వతః శోకవాచకము గాదు. ఒంటరిగా నేడ్చువానికి దానిని వాడుట పొసగదు.

ఇక వక్త విచారమును దెలుపుటకు మన భాషలో అందరి నోట నున్న మాట 'పాపము'. 'పాపము, అతడు పరీక్ష తప్పినాడు' అన్నప్పుడు జాలి చెప్పువానిదేయని పసిపిల్లలకును తెలియును. దుష్కృతమను నర్థముగల నామవాచకము జాలిని దెలుపు నవ్యయమైనది. శాస్త్రరచనలో దీనిని వాడలేనప్పుడు వాక్యమునే నామముగా మార్చి 'చెట్లు తగ్గిపోవుట శోచనీయము' అనవచ్చును. ఇందు విచారము చెట్లది కాదు, విషయమును చెప్పు మనది.

ఇట్టి చోటులందు పలువురు 'దురదృష్టవశమున' అని వ్రాయుచున్నారు. అది అన్నిట తగదు. అది దుఃఖమును గాక కారణమును చెప్పును. పిడుగుపడి కూలిన చెట్టునకు ఆ మాట చెల్లవచ్చును. మనుష్యులు నరికి, మరల నాటక విడిచిన చెట్టునకు ఆ మాట వాడినచో మన చేతిపనిని అదృష్టముపై నెట్టినట్లగును. ఆంగ్లపదమున లేని యీ తప్పించుకొనుట తెలుగు సేతలో చొరబడరాదు.

కొండపల్లి శిల్పి బొమ్మ తలను, చేతులను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో అతుకును. ఏ చేయి ఏ బొమ్మదో చూచికొనియే యతుకును. అనువాదకునకును ఆ జాగ్రత్త కావలెను. కనుక ఉపాధ్యాయులు నిఘంటువు తెరువక ముందే విద్యార్థిచే మూడు ప్రశ్నలు వేయింపవలెనని మా మనవి: ఈ దుఃఖమెవరిది? అది కంటికి కనబడునదా, చెవికి వినబడునదా, మనసులో నుండునదా? వాక్యములోని నష్టము మనుష్యకృతమా, దైవికమా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో తగిన మాట తానై వచ్చును. ఒకరి కన్నీరు మరియొకరి కంట పెట్టిన దోషము మనకు రాదు.