వరిగడ్డికి ఎండ తోడైతే!

రంగుచీరను మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తే నాలుగు రోజులకే వెలిసిపోతుందని మనందరికీ తెలుసు. అందుకే తిరగేసి, నీడపట్టున ఆరేస్తాం. అంటే ఎండకి వేడి ఒక్కటే కాదు, పదార్థాల్ని మార్చే శక్తి కూడా ఉందన్నమాట. ఆ శక్తితోనే వరిగడ్డి, ఊక, మొక్కజొన్న కండెలు, రంపంపొట్టు లాంటి వాటి నుంచి పనికొచ్చే రసాయనాలు తీయాలని శాస్త్రవేత్తలు పాటుపడుతున్నారు.

గడ్డిలో ఏముంది?

అన్నంలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ అనే చక్కెర గొలుసులే. ముడిపడిన తీరే వేరు. అందుకే అన్నం మనకి అరుగుతుంది, గడ్డి అరగదు. ఆవుకైతే కడుపులోని సూక్ష్మజీవులు అరిగించి పెడతాయి. ఈ గొలుసుల్ని లిగ్నిన్ అనే జిగురు గట్టిగా పట్టి ఉంచుతుంది. ఐస్‌క్రీముల్లో వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌ని నార్వేలో చెక్కలోని ఈ లిగ్నిన్ నుంచే తయారుచేస్తున్నారు. కాకపోతే దానికి ప్రెషర్ కుక్కర్‌లోలా బాగా వేడీ, ఒత్తిడీ కావాలి.

పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి పొడి

అంత మంట లేకుండా వెలుగుతోనే పని జరిపించే పొడి ఒకటుంది. పేరు టైటానియం డయాక్సైడ్. గోడల తెల్లరంగులోనూ, ఎండకి రాసుకునే క్రీముల్లోనూ ఉండేది ఇదే. వెలుగు పడగానే ఇందులోని ఎలక్ట్రాన్లు కదిలి, పక్కనున్న చక్కెరనీ, నీటినీ మార్చేస్తాయి. పొడి మాత్రం ఖర్చయిపోదు. సంబంధం కుదిర్చి తప్పుకునే పెళ్ళిళ్ళ పేరయ్య లాగన్నమాట! ఇలాంటి దాన్నే ఉత్ప్రేరకం అంటారు.

ఈ పదార్థంతో, వెలుగు సాయంతో నీటిని విడగొట్టవచ్చని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా చూపించారు. 1980లో అదే దేశానికి చెందిన కవాయ్, సకాటా దీనికి ప్లాటినం, రుథేనియం ఆక్సైడ్ జోడించి చక్కెర, పిండి, సెల్యులోజ్‌ల నుంచి హైడ్రోజన్ తీశారు. ఆ తర్వాత పెరుగుకి పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లం, సీసాల ప్లాస్టిక్‌కి పనికొచ్చే ముడిసరుకు కూడా ప్రయోగశాలల్లో రాబట్టారు.

చిక్కెక్కడ?

లడ్డూ పాకం సంగతి మీకు చెప్పాలా? తీగపాకం దగ్గర దించకపోతే ముదిరిపోతుంది. ఇక్కడా అంతే. మనక్కావలసిన దశలో ఆపకపోతే చక్కెర కాస్తా బొగ్గుపులుసు వాయువైపోతుంది. పైగా ఈ తెల్లపొడి అతినీలలోహిత కిరణాలకే స్పందిస్తుంది. ఎండలో అవి నూటికి 5 పాళ్ళ లోపే. లిగ్నిన్ ముదురు రంగేమో వెలుగుకి అడ్డుపడుతుంది. అందుకే మామూలు వెలుగుకీ పనిచేసే పొడుల కోసం వెదుకుతున్నారు.

అంతవరకూ మనం?

కోతలయ్యాక గడ్డిని పొలంలోనే తగలబెడితే ఆ పొగ పసిపిల్లలకీ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళకీ ఊపిరాడనివ్వదు. నేలకి చేరాల్సిన నత్రజనీ గాలిపాలవుతుంది. ఇంట్లో వ్యవసాయం ఉన్నవాళ్ళు ఈ మాట మగవాళ్ళ చెవిన వేయండి. గడ్డి పశువుల మేతకి పనికొస్తుంది, కుళ్ళబెడితే మంచి ఎరువవుతుంది, పుట్టగొడుగులూ పెంచుకోవచ్చు. వీటికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు కదా!