రాత్రయితే గుడుపల్లె రేడియోలో ఏం జరుగుతుంది?

మీ ఇంట్లో తాత వాడిన పాత రేడియో ఇంకా పనిచేస్తోందా? అయితే రాత్రి ఎనిమిదికి మిద్దె మీదికి తీసుకెళ్లి మీడియం వేవ్ పెట్టండి. పగలు నాలుగైదు స్టేషన్లు పలికిన చోటే ఇప్పుడు కన్నడం, తమిళం, హిందీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. మధ్యలో 'కుయ్'మని ఒక విజిల్. రేడియో పాడవలేదు. మారింది ఆకాశం!

పగటి ఎండకు ఆకాశంలో 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర ఏర్పడుతుంది. పైకి వెళ్లే మీడియం వేవ్ తరంగాలను అది మింగేస్తుంది. అందుకే పగలు నేల వెంట పాకి వచ్చే తరంగాలే మనకు అందుతాయి. పొద్దుగూకితే ఆ పొర మాయం. తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి.

మూడు రాష్ట్రాలు కలిసే గుడుపల్లె లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. బెంగళూరు స్టేషన్ (612 కిలోహెర్ట్జ్) పక్కనే. తెలుగు పలికే కడప స్టేషన్ (900) మాత్రం సుమారు 200 కిలోమీటర్ల దూరం. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో స్టేషన్ రాత్రిపూట వచ్చి పడితే మన భాషే మనకు వినిపించదు.

మరి దారేంటి? పవర్ పెంచితే పక్కవాడూ పెంచుతాడు. అందుకే ఫ్రీక్వెన్సీలనే సర్దారు. 1975లో జెనీవాలో దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. 1978 నవంబర్ 23న ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లలో అది అమల్లోకి వచ్చింది. రూల్ సింపుల్: ప్రతి ఫ్రీక్వెన్సీ 9తో భాగించబడాలి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927, చెన్నై 720. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూడండి, అన్నీ తెగుతాయి!

దీనివల్ల లాభం? రెండు స్టేషన్ల మధ్య తేడా ఒక కిలోహెర్ట్జే ఉంటే, ఆ తేడాయే విజిల్‌గా మోగుతుంది. అందరూ 9 లెక్కలో నిలబడితే ఆ గోల చాలావరకు తగ్గుతుంది.

చిన్న స్టేషన్లకు మాత్రం పూర్తి న్యాయం జరగలేదు. ఒక కిలోవాట్ లోపు వాటికి 1485, 1584, 1602 అని మూడు ఉమ్మడి ఫ్రీక్వెన్సీలు ఇచ్చారు. మన ఆకాశవాణి చిన్న కేంద్రాలూ వీటిలోనే పలికేవి. పగలు పర్వాలేదు. రాత్రయితే ఎక్కడెక్కడివో అక్కడే కలిసి, ఊరు దాటేసరికి మాట అర్థం కాదు. అమెరికాలో ఇప్పటికీ చాలా చిన్న ఏఎం స్టేషన్లు సూర్యాస్తమయం కాగానే పవర్ తగ్గించుకోవాలి, కొన్నయితే మూసుకోవాలి. ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరికితే అక్కడికి మారడం వాటికి ఒక దారి.

మన దగ్గర చిన్న కేంద్రాలు చాలావరకు ఎఫ్ఎంకి మారిపోయాయి. రాత్రిపూట ఈ గొడవ ఎఫ్ఎంకి లేదు. కానీ దాని తరంగం కొండ అడ్డొస్తే ఆగిపోతుంది, 200 కిలోమీటర్లు రాదు. సరిహద్దు ఊళ్లకు అసలు నష్టం అక్కడే.

మన స్మార్ట్‌ఫోన్లలో ఏఎం రాదు. కాబట్టి తాత రేడియోని పారేయకండి. దగ్గర్లో ఎల్ఈడీ బల్బు, చార్జర్ ఆపేసి, రేడియోని మెల్లగా పక్కకు తిప్పండి. లోపలి యాంటెన్నా కడ్డీ దిశ మారితే అడ్డొచ్చే స్టేషన్ తగ్గి, మీకు కావాల్సింది పైకి తేలొచ్చు. ఫ్రీక్వెన్సీ మార్చడం మన చేతిలో లేదు గానీ, రేడియో తిప్పడం ఉంది కదా!